పని లేని ప్రయాణం

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినపుడు చదువు గురించే రాయాలేమో అనుకున్నాను. కానీ మా ఇంట్లో నా డిగ్రీ పట్టా కంటే ఎక్కువ చర్చ జరిగింది గత ఆగస్టులో నేను చేసిన ప్రయాణం మీద. అందుకే అది రాస్తున్నాను.

మాది అలంపూర్ దగ్గర తుంగభద్ర ఒడ్డు పల్లె. మా ఇంట్లో ప్రయాణాలు మూడే రకాలు: పెండ్లి, చావు, వలస. తాత శ్రీశైలం డ్యాం కట్టేటప్పుడు మట్టి మోశాడు. నాన్న గుంపు మేస్త్రి వెంట లారీ ఎక్కి పూణే, ముంబయి పోయాడు గానీ, అక్కడ పని చోటు తప్ప ఏదీ చూడలేదు. బావ పాత ఓమ్ని వ్యాను తీసుకొని ఒక్కణ్ణే పడమటి కనుమలకు పోతానంటే అమ్మ "ఆడ పనేముంది బిడ్డా?" అన్నది. చూసొస్తా అన్నాను. "వానను చూడనీకి పెట్రోలు పోసుకొని పోతవా?" అని నవ్వింది. నాన్న ఏమీ అనలేదు. టైర్లు చూసి, స్టెప్నీలో గాలి కొట్టించుకొమ్మన్నాడు.

నేను చదువుతున్నది జాగ్రఫీ ఎం.ఎస్సీ. అరేబియా సముద్రం మీద నుంచి వచ్చే నైరుతి గాలి ఆ కనుమలకు తగిలి పైకి లేచి, చల్లబడి, తేమంతా అక్కడే కురిపిస్తుంది. కొండ దాటి మన వైపు వచ్చేసరికి పొడిగాలి. దీన్నే వర్షచ్ఛాయ ప్రాంతం అంటారు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న. ఆ ఛాయలో పుట్టినవాణ్ణి కాబట్టి, ఆ కొండ అవతలి ముఖం చూడాలని నా పట్టుదల.

వెనక సీటు తీసేసి బొంత పరుచుకున్నాను. కర్నూలు, బళ్ళారి, చిత్రదుర్గం దాటి ఆ రాత్రి శివమొగ్గ దగ్గర ఒక పెట్రోలు బంకులో పడుకున్నాను. మర్నాడు తీర్థహళ్ళి మీదుగా ఆగుంబె. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటే వాన అక్కడ. మన పాలమూరులో సుమారు 600. వైపర్లు ఆపితే అద్దం అవతల ఏమీ లేదు. అడవిలో మిట్టమధ్యాహ్నం కూడా మసక చీకటే. చెట్టు మీద నాచు, నాచు మీద ఇంకో మొక్క. ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెట్టే ఏకైక పాము రాచనాగు ఉండేది ఇక్కడే. దాని మీద పరిశోధనకు రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ ఒక కేంద్రం పెట్టారు. నాకు పాము కనబడలేదు, జలగలే కనబడ్డాయి. హోటలు అమ్మ గుడ్డలో ఉప్పు కట్టి ఇచ్చి డబ్బులు తీసుకోలేదు.

శృంగేరిలో తుంగ ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకొని పోతోంది. ఇదే నీరు కూడ్లి దగ్గర భద్రను కలుపుకొని, మా రేవుకు వస్తుంది. 2009 అక్టోబరు వరదలో మా వీధిని ముంచింది కూడా ఈ నదే. అప్పుడు నాకు ఏడేళ్ళు. చెప్పులు విప్పి కాసేపు మెట్ల మీద నిలబడ్డాను.

తరువాత జోగ్. శరావతి నది 253 మీటర్ల నుంచి రాజా, రాణి, రోరర్, రాకెట్ అనే నాలుగు పాయలుగా పడుతుంది. సగం సేపు మంచే. అందరూ ఫోన్లు పట్టుకొని మంచు విడేదాకా కాచుకున్నారు. నేను టీ బండి దగ్గర కూర్చున్నాను. మాకు రాయచూరు దగ్గరే కాబట్టి కన్నడం కొంత అర్థమవుతుంది. బండి పెద్దాయన, 1964లో కట్టిన లింగనమక్కి డ్యాం నీళ్ళ కింద తన తండ్రి ఊరు ఉందని చెప్పాడు. శ్రీశైలం నీళ్ళలో మా నాయనమ్మ పుట్టినూరు కూడా పోయిందని చెప్పాను. ఆయన రెండో టీ పోశాడు. జలపాతం గురించి మేం ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

ఇంటికి వచ్చాక నాన్న ఫోటోలన్నీ చూసి, ఆ డ్యాం గోడ మీదే ఆగాడు. "రాతి పని బాగుంది" అన్నాడు.

తమ్ముళ్ళలో ఎవరికైనా పోవాలనిపిస్తే వ్యాను అక్కర్లేదు. శివమొగ్గ నుంచి ఆగుంబెకు, సాగర నుంచి జోగ్‌కు బస్సులున్నాయి. గొడుగు పనిచేయదు, రెయిన్‌కోటు తీసుకుపోండి. ఉప్పు మరువకండి.