ఆటుపోట్ల తీరం సువాలి

సూరత్ నగరపు తూర్పు అంచున ఉన్న పర్వత్ పాటియా పేరు వినగానే అక్కడ ఏదో కొండ ఉండి ఉంటుందని కొత్తవారు ఊహించుకొంటారు. కొండ మాట అటుంచి, చిన్న గుట్ట కూడా కానరాదు. గుజరాతీ భాషలో పాటియా అంటే బోర్డు అని అర్థం. రహదారి ప్రక్కన ఊరి పేరుతో బోర్డు పాతిన కూడలికి ఆ ఊరి పాటియా అనే పేరు స్థిరపడుతుంది. పర్వత్ గ్రామానికి దారి తీసే కూడలి కనుక ఇది పర్వత్ పాటియా అయినది. నేడు అది బట్టల దుకాణాలతో, మరమగ్గాలతో, బహుళ అంతస్తుల ఇళ్ళతో క్రిక్కిరిసిన పేట. ఇక్కడా, పొరుగున ఉన్న లింబాయత్, డిండోలీ ప్రాంతాలలోనూ తెలుగు కుటుంబాలు విరివిగా నివసిస్తున్నవి. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాన్నే నమ్ముకొని వచ్చిన పద్మశాలీలు వీరిలో ఎక్కువ. నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే ఈ ఊరిలో మనవారి సంఖ్యను గ్రహించవచ్చును.

ఇటువంటి పేటలో ఆదివారం వచ్చిందంటే పిల్లలు అడిగేది ఒక్కటే: సముద్రానికి ఎప్పుడు తీసుకువెళ్తారు? సూరత్ వాసులకు సముద్రమంటే ముందుగా తోచేది డుమస్. అక్కడ వేడి వేడి టమాటా భజియాలు, ఒంటె సవారీలు, ఇసుక వేస్తే రాలని జనం. ఏకాంతాన్ని కోరేవారు వెళ్ళవలసినది సువాలి. మన సంస్థ ఉద్యోగుల కుటుంబాలు మూడు, మా పొరుగున ఉండే నేత కుటుంబం ఒకటి కలిసి, పుష్య పౌర్ణమి వెళ్ళిన మరునాడు ఆదివారం కావడంతో ఆ యాత్రకు బయలుదేరాము.

పర్వత్ పాటియా నగరానికి తూర్పున, సువాలి పడమట. అంటే ఊరిని ఈ కొస నుండి ఆ కొస దాకా చీల్చుకొని, తాపీ నదిని దాటి, 30 కిలోమీటర్లకు పైబడి ప్రయాణించవలసి ఉంటుంది. దారిలో శీతకాలపు పౌంక్ అంగళ్ళు కనిపించాయి. పౌంక్ అంటే మరేమీ కాదు, మన ఊచబియ్యమే. లేత జొన్నకంకులను కాల్చి, దులిపి, నిమ్మకాయ సేవ్‌తో కలిపి ఇస్తారు. ఆ పొట్లాలు చేతికి రాగానే మాతో వచ్చిన పెద్దావిడకు తన ఊరి జొన్నచేలు గుర్తుకు వచ్చి కళ్ళు చెమర్చాయి.

నది దాటిన తరువాత హజీరా పారిశ్రామిక ప్రాంతం ఎదురవుతుంది. అరేబియా సముద్ర గర్భం నుండి వచ్చే సహజవాయువు ఒడ్డుకు చేరేది ఇక్కడే. హజీరా – విజయ్‌పూర్ – జగదీశ్‌పూర్ గొట్టపుమార్గం ఉత్తర భారతానికి బయలుదేరేది కూడా ఇక్కడి నుండే. ఎరువుల కర్మాగారం, విద్యుత్కేంద్రం, ఉక్కు కర్మాగారం, నౌకాశ్రయం ఒకదాని వెంట ఒకటి దాటిపోతాయి. మోరా గ్రామం దాటాక పొగగొట్టాలు వెనుకబడి, సర్కారు తుమ్మ పొదలు, ఉప్పు పట్టిన బీళ్ళు మొదలవుతాయి. ఆ పొదల నడుమ దారి ముగిసిన చోట సువాలి తీరం ఉన్నది.

ఉదయం పదకొండు గంటల వేళ ఇసుకదిబ్బ ఎక్కి చూస్తే, ఎదురుగా సముద్రం లేదు! నల్లని ఇసుక, దాని వెనుక నిగనిగలాడే బురద, ఎక్కడో దిగంతాన సన్నని వెండి గీత. జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూడవచ్చిన పెద్దావిడ, "గిదేనా సముద్రం? నీళ్ళేవి బిడ్డా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానమే సువాలి చరిత్ర అంతా.

ఖంభాత్ సింధుశాఖ గరాటు ఆకారంలో ఉంటుంది. అరేబియా సముద్రపు పోటు ఆ ఇరుకులోనికి తోసుకు వచ్చేసరికి నీటిమట్టం విపరీతంగా పెరుగుతుంది. విశాఖపట్నంలో పెద్ద పోటుకు సైతం నీరు 2 మీటర్ల లోపే పెరుగుతుంది. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి దినాలకు అటూ ఇటూ 6 మీటర్లకు పైబడి పెరుగుతుంది. తీరం దాదాపు బల్లపరుపుగా ఉండడం చేత ఆటు సమయంలో నీరు చాలా దూరం వెనుకకు పోతుంది. నర్మద, తాపీ, మహి, సాబర్మతి నదులు తెచ్చే ఒండ్రుమట్టి వలన ఆ నీరు నీలంగా గాక మట్టిరంగులో ఉంటుంది. దక్కను పీఠభూమి నల్లరాతి పొడి వలన ఇసుకకు ఆ నలుపు వచ్చినది. రుషికొండ అందాన్ని కళ్ళలో పెట్టుకొని వచ్చినవారికి ఈ తీరం తొలిచూపులో మొరటుగా తోచవచ్చును. కాని కొంతసేపు నిలిచి చూస్తే, బురదపై ఎగిరెగిరి పాకే చిరుచేపలు, పీతలు ఇసుక ఉండలతో అల్లిన ముగ్గులు, నీరు గీసి వెళ్ళిన అలల చారలు, పొదలలో గాలి చేసే సవ్వడి మనసును కట్టివేస్తాయి.

ఈ మొరటు తీరమే ఒకనాడు ప్రపంచ ప్రసిద్ధమైన ఓడరేవు. తాపీ నది ముఖద్వారంలోని ఇసుకమేటల వలన పెద్ద ఓడలు సూరత్ దాకా రాలేకపోయేవి. సువాలి ఒడ్డుకూ, సముద్రంలోని ఒక ఇసుకదిబ్బకూ నడుమ లోతైన నీటిదారి ఉండేది. ఆంగ్లేయులు సువాలిని స్వాలీ అని పిలిచారు. ఓడలు ఆ నీటిదారిలో లంగరు వేసుకొనగా, సరుకు ఇక్కడి నుండి సూరత్‌కు చేరేది. 1612 నవంబరు 29, 30 తేదీలలో ఈ నీటిలోనే కెప్టెన్ థామస్ బెస్ట్ నాయకత్వంలోని రెండు ఆంగ్ల నౌకలు, నాలుగు పెద్ద పోర్చుగీసు యుద్ధనౌకలతో తలపడినవి. పోరులో మూడు పోర్చుగీసు నౌకలు ఇసుకమేటలలో కూరుకుపోయి, తరువాత నీరు పెరిగితే గాని కదలలేకపోయాయి. బలం పోర్చుగీసు వారిదే అయినా, ఆ రోజున ఇసుకా నీరూ వారి పక్షాన నిలువలేదు. దరిమిలా మొగలు చక్రవర్తి జహంగీరు అనుమతి లభించి, 1613లో సూరత్‌లో ఆంగ్లేయుల వర్తకస్థావరం నెలకొన్నది. 1615లో ఇంగ్లండు రాజు రాయబారి సర్ థామస్ రో దిగినదీ ఈ ఒడ్డుననే.

ఇందులో తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటి కలదు. సూరత్ కన్నా ముందే, 1611లోనే, ఆంగ్లేయులు మన మచిలీపట్టణంలో వర్తకం ప్రారంభించారు. తూర్పున మచిలీపట్టణానికైనా, పడమట సూరత్‌కైనా వారిని రప్పించినది ముఖ్యంగా మన నేతగాళ్ళ బట్ట. నాలుగు శతాబ్దాల తరువాత నేత వృత్తినే నమ్ముకొన్న తెలుగు కుటుంబం ఒకటి ఆ ఒడ్డున కూర్చొని పులిహోర పొట్లాలు విప్పుకొంటుంటే, చరిత్ర ఎంత చిత్రమైన చుట్టు తిరిగి వచ్చిందో కదా అనిపించింది.

దగ్గరలోని రాజ్‌గరీ వద్ద టామ్ కోరియట్ సమాధిగా చెప్పబడే కట్టడమున్నది. జెరూసలేము నుండి కాలినడకన అజ్మీరు దాకా వచ్చిన ఈ ఆంగ్ల యాత్రికుడు 1617లో సూరత్‌లో మరణించాడు. తీరం మీద మాత్రం ఆనాటి రేవును గుర్తు చేసే చిహ్నమేదీ మా కంటపడలేదు.

మధ్యాహ్నం పన్నెండు దాటిన తరువాత పోటు మొదలైనది. అది అలల హోరుతో రాదు. ముందుగా తీరానికి దగ్గరగా ఉన్న పల్లాలూ, కాలువలూ నిశ్శబ్దంగా నిండుతాయి. దూరాన బురద అంచున నిలిచి సముద్రాన్ని చూస్తున్న మనిషికి, ఎదుటి నీరు ఇంకా దూరంగానే ఉన్నట్లు కనిపిస్తుంది. వెనుకనున్న దారి మాత్రం అప్పటికే మునిగి ఉంటుంది. ఈ తీరాన ఎందరో యువకులు ప్రాణాలు కోల్పోవడానికి ఒక ముఖ్య కారణమిదే. మేము చూస్తుండగానే ఎవరో ఇసుకలోనికి దింపిన జీపు చక్రాలు కూరుకుపోయినవి. గ్రామస్థులు ట్రాక్టరుకు మోకు కట్టి లాగారు. అది గట్టెక్కిన పావుగంటకు ఆ చోట మోకాలి లోతు నీరు నిలిచింది. వల ఆరవేసుకొంటున్న ఒక వృద్ధ జాలరి మా పిల్లలను దగ్గరకు పిలిచి, "నీళ్ళకు వీపు చూపవద్దు, కాలువ దాటి పోవద్దు" అని హిందీలో హెచ్చరించాడు.

నాలుగు గంటలకు సముద్రం నిండుకుండ వలె ఇసుకదిబ్బ దాకా వచ్చి నిలిచింది. పెద్దావిడ చెంగు తడవకుండా ఒడ్డుననే వంగి, దోసెడు నీళ్ళు నెత్తిన చల్లుకొని సముద్రునికి నమస్కరించారు. సాయంకాలం నీరు తిరిగి వెనుకకు మళ్ళుతుండగా, సూర్యుడు సముద్రంలోనికి దిగాడు. సముద్రం నుండి సూర్యుడు పైకి రావడమే ఎరిగిన కోస్తావారికి ఇదొక వింత దృశ్యం.

2024లో సువాలిలో బీచ్ ఉత్సవం జరిగినది. సౌకర్యాలు పెరగడం హర్షణీయమే. అయితే దీపాలు, అంగళ్ళు వచ్చినంత మాత్రాన పోటు స్వభావం మారదు. జనం పెరిగేకొద్దీ ఆ స్వభావం ఎరుగనివారి సంఖ్యా పెరుగుతుంది. పోటు వేళలు తెలిపే పలక ఒకటి, ఈ రేవు కథ చెప్పే పలక మరొకటి గుజరాతీ, హిందీలతో పాటు తెలుగు, ఒడియా భాషలలో కూడా నిలిపితే, పని కోసం ఈ నగరానికి వచ్చిన లక్షలాది కుటుంబాలకు ఎంతో మేలు జరుగుతుంది.

అంతవరకు మన పంచాంగమే మనకు దారి చూపగలదు. అమావాస్య, పౌర్ణములకూ, వాటి తరువాతి ఒకటి రెండు దినాలకూ పోటు అధికం. అష్టమి ప్రాంతాన స్వల్పం. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనుకకు జరుగుతుంది. వెళ్ళదలచిన మిత్రులు శీతకాలాన్ని ఎన్నుకొని, త్రాగునీరు, భోజనం వెంట తీసుకొని వెళ్ళడం మంచిది. నీటిలో దిగకుండా, వాహనాన్ని గట్టునే నిలిపి, ఆ ఊరి జాలరిని నాటి పోటు వేళ అడిగి, చీకటి పడకముందే తిరుగుముఖం పట్టాలి. ఈ పాటి మర్యాద పాటించినవారికి సువాలి తన సౌందర్యాన్నీ, చరిత్రనూ పుష్కలంగా పంచి ఇస్తుంది.