బోధకుడు అతిథి అయ్యే నెల

మనీలా, డిసెంబరు 18

బాబాయిగారూ,

పద్దెనిమిదేళ్ల కుర్రాడికి టై కట్టి, చొక్కాకు పేరుబిళ్ల తగిలించి దేశంకాని దేశం పంపితే వాడు ఎవరికి ఏం బోధిస్తాడని మీ ప్రశ్న. మీ మనసులో ఉన్నది మన గుంటూరు చరిత్ర. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టేనాటికి ఆయనకు యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నాడు, బడులు పెట్టాడు. ఆయన పక్కన నిలబెడితే, మోర్మన్లని లోకం పిలిచే కడవరి దిన పరిశుద్ధుల సంఘం వారి పిల్లలు తేలిపోతారు, నిజమే. వీళ్ల గడువు ముందే ఖరారై ఉంటుంది: అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. జీతం లేదు, ఖర్చు చాలావరకు ఇంటివాళ్లే పెట్టుకుంటారు. ఏ దేశమో ఎంచుకునే వీలు లేదు, పొమ్మన్న చోటికి పోవాలి. ఉదయం 6:30కి లేచి వాక్యం చదువుకుని, ఊరి భాష వల్లెవేసుకుని, జంటగా వీధుల్లో పడతారు. రాత్రి 10:30కి దీపం ఆర్పుతారు. జంటలో ఒకరిని విడిచి ఒకరు కదలరు. వారానికొక రోజు, చాలాచోట్ల సోమవారం, బట్టలు ఉతుక్కోవడానికీ సరుకులు తెచ్చుకోవడానికీ ఇంటికి ఉత్తరం రాయడానికీ. నేను చెప్పదలచింది ఒక్కటే: ఈ పిల్లల పనిని బాప్తిస్మాల లెక్కతో తూచకూడదు. వాళ్లు ఆ దేశానికి నేర్పేదానికన్నా ఆ దేశం వాళ్లకు నేర్పేదే ఎక్కువ. క్రిస్మస్ నెలలో ఇది మరీ తేటగా కనిపిస్తుంది.

ఎందుకంటే ఫిలిప్పీన్స్‌కు క్రీస్తు కొత్తవాడు కాడు. 2020 జనగణన ప్రకారం ఇక్కడ నూటికి దాదాపు 79 మంది కాథలిక్కులు. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, దుకాణాల్లో క్రిస్మస్ పాటలు మొదలవుతాయి. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారకముందే గుళ్లలో దివ్యబలిపూజ జరుగుతుంది. బయట బిబింకా అనే రొట్టె కాల్చే పొయ్యిలు వెలుగుతుంటాయి. మట్టిమూకుట్లో అరిటాకు పరిచి, జారుగా కలిపిన బియ్యప్పిండి పోసి, కింద నిప్పులు, పైన మూతమీదా నిప్పులు పెట్టి కాలుస్తారు. సాయంత్రమైతే పిల్లలు సోడామూతలను సుత్తితో చదునుచేసి, తీగకు గుచ్చి, ఆ తాళంతో ఇంటింటికీ పాడుకుంటూ తిరుగుతారు. మన కుర్ర మిషనరీ 6:30కి కళ్లు తెరిచేసరికి పక్కింటివాళ్లు గుడికి వెళ్లి వచ్చేసి ఉంటారు. క్రీస్తు పుట్టాడన్న వార్త వాళ్లకు వాడు చెప్పనక్కర్లేదు. ఇక వాడికి మిగిలింది వాళ్లు పిలిచినప్పుడు వెళ్లి, పెట్టింది తిని, చెప్పింది వినడం. బోధించడానికి వచ్చినవాడికి అంతకంటే మంచి పాఠం ఉండదు.

సెబు, డిసెంబరు 22

మీరు ఊరుకోరని తెలుసు. ‘వాళ్ల సంఘమే లెక్కలు కడుతుంటే నువ్వు లెక్కలు వద్దంటావేమిటి’ అంటారు. లెక్క చిన్నదేం కాదు. ఈ సెబు రాజు హుమబోన్ 1521లో మెజెల్లాన్ వచ్చినప్పుడే బాప్తిస్మం తీసుకున్నాడు. ఈ సంఘం మాత్రం ఇక్కడ పని మొదలుపెట్టింది 1961లోనే. ఇప్పుడు సభ్యులు 8 లక్షలు దాటారు. అయితే రెండేళ్లకు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయేవాడు సంఘాన్ని నిలబెట్టలేడు. నిలబెట్టింది ఇక్కడే ఉండిపోయే ఫిలిపినోలు. ఇక్కడ తిరిగే మిషనరీల్లోనూ ఫిలిపినోలే చాలామంది. ఉత్తరాన ఇలోకోస్‌లో పుట్టినవాడు సెబుకు వస్తే వాడూ సెబువానో భాష మొదటినుంచి నేర్చుకోవలసినవాడే. కాబట్టి లెక్క ఎంత పెరిగినా దాన్ని అమెరికా కుర్రాడి ఖాతాలో రాయలేం. వాడి ఖాతాలో రాయగలిగేది వాడిలో వచ్చిన మార్పే.

ఆ మార్పు తెచ్చేది ఇక్కడి ఆతిథ్యం. ప్రభుత్వ సర్వేల ప్రకారం సుమారు 20 లక్షల మంది ఫిలిపినోలు విదేశాల్లో పనిచేస్తున్నారు. దుబాయిలోనో హాంకాంగ్‌లోనో ఉన్న అమ్మ డబ్బామాంసం, చాక్లెట్లు, సబ్బులు, తువాళ్లు నింపిన పెద్ద అట్టపెట్టె ఓడలో పంపుతుంది. పండుగలోపు చేరాలని నెలల ముందే పంపుతుంది. పెట్టె వస్తుంది, అమ్మ రాదు. మన కోనసీమలో, కరీంనగర్‌లో గల్ఫ్ ఇళ్లు చూసినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి ఇంటికి, పరాయి ఊళ్లో పండుగ చేసుకుంటున్న పిల్లవాడంటే ఎవరో తెలుసు. మతం అడగకుండానే కంచం పెడుతుంది. వాడు కాఫీ ముట్టడని తెలిస్తే అల్లం కషాయం కాచి ఇస్తుంది. దయ తన సంఘం సొత్తు కాదని ఈ కుర్రాడు తెలుసుకునేది అక్కడే.

పిల్లలను ఇంటినుంచి అలా తెంపెయ్యడం కఠినం కాదా అన్నది మీ రెండో మాట. ఒకప్పుడు కఠినమే. 2019 దాకా ఇంటికి ఫోను ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కూ మాతృదినానికీ. ఆ ఫిబ్రవరిలో సంఘమే నియమం సడలించి వారం వారం మాట్లాడుకోనిచ్చింది. విమర్శించినవారి మాటలో న్యాయం ఉందని ఆ సడలింపే ఒప్పుకుంటోంది. ఇంటిబెంగ దానంతటది సుగుణమేమీ కాదు. గడువు నిండకుండా తిరిగొచ్చినవాణ్ణి చిన్నచూపు చూసే సంఘం తన బోధను తానే కాదన్నట్టు. కానీ ఫోను ఎంత దగ్గర చేసినా 24వ తేదీ రాత్రి భోజనాన్ని తెచ్చిపెట్టలేదు. ఆ లోటు పొరుగువాళ్లే తీర్చాలి.

మనీలా, డిసెంబరు 26

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మీరు లేవనెత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నాను. కుర్రాడు మనిషి కావడమే ఫలమైతే, అందుకు పేద దేశాల ఇళ్లను బడిగా వాడుకోవచ్చా? ఆ ఇంటివాళ్లు తమ నమ్మకాన్ని ఎవడి చదువుకోసమో చర్చకు పెట్టాలా? అక్కర్లేదు. తలుపు తట్టే హక్కు వాడికుంటే, తీయకపోయే హక్కు ఇంటివాళ్లకుంది. తీసినా, ‘కూర్చో, తిను, మతం మాట వద్దు’ అనే హక్కూ ఉంది. ఆ మాటకు ముఖం మాడ్చుకోకుండా కూర్చుని తిని, పాత్రలు కడిగి వెళ్లగలిగినవాడే రెండేళ్ల చదువు చదివినట్టు. వద్దన్న ఇంటికి మళ్లీ వెళ్లనివాడి పని ఏమీ నష్టపోదు. ఆ ఇంటి మర్యాద మాత్రం నిలుస్తుంది.

మన సంఘం యువకులనూ ఇలా పంపుదామా అని అడిగారు. పంపండి. ఆదిలాబాద్ గోండు గూడేలకైనా, ఒడిశా పల్లెలకైనా. మూడు షరతులు పెట్టండి. వెళ్లేముందు ఆ ఊరి భాష నేర్పించండి. ఇన్ని బాప్తిస్మాలు తేవాలని లక్ష్యం పెట్టకండి. క్రిస్మస్‌కు ఇంటికి పిలిపించకండి, ఆ ఊరివాళ్ల కంచంలోనే తినమనండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా పంపకపోవడమే మేలు.