గుల్సున్ కరముస్తఫా కళలో అధికారం, స్మృతి

అధికారానికి తనదైన జ్ఞాపకశక్తి ఉంటుంది. దస్త్రాలలో, తీర్పులలో, కూడళ్లలో నిలిపిన స్మారకాలలో అది భద్రమవుతుంది. ఆ జ్ఞాపకంలో చోటు దక్కనివారు, దక్కినా ఒక నేరం పేరిట మాత్రమే నమోదైనవారు ఎక్కడ మిగులుతారన్న ప్రశ్న టర్కీ చిత్రకారిణి గుల్సున్ కరముస్తఫా కళాజీవితానికి అంతస్సూత్రం. 1946లో అంకారాలో జన్మించిన ఆమె ఇస్తాంబుల్‌లోని ప్రభుత్వ లలితకళా అకాడమీలో, కవిగానూ చిత్రకారుడిగానూ ప్రసిద్ధుడైన బెద్రి రహ్మి ఎయుబోలు వద్ద శిక్షణ పొంది 1969లో పట్టభద్రురాలైంది.

1971 మార్చి 12న టర్కీ సైన్యం ఒక హెచ్చరిక పత్రంతో ఎన్నికైన ప్రభుత్వాన్ని గద్దె దింపింది. అనంతరం సాగిన నిర్బంధకాండలో వామపక్ష విద్యార్థులు, రచయితలు, కళాకారులు అనేకులు చెరసాలల పాలయ్యారు. ఒక రాజకీయ కార్యకర్తకు ఆశ్రయమిచ్చారన్న అభియోగంపై కరముస్తఫా దంపతులు విచారణను ఎదుర్కొన్నారు. ఇస్తాంబుల్ జైళ్ల తరువాత ఆమెను ఇజ్మిత్ కారాగారానికి తరలించి, దీర్ఘకాల శిక్షలు అనుభవిస్తున్న సాధారణ మహిళా ఖైదీల నడుమ ఉంచారు. విడుదలైన పిమ్మట 1972 నుంచి 1978 వరకు ఆ అనుభవాన్ని స్మరణ నుంచే చిత్రించింది. అవే ‘చెరసాల చిత్రాలు’. జరిగినది మరుగున పడకుండా నిలుపుకోవడమే వాటి తొలి ప్రయోజనమని ఆమె చెప్పుకున్నది.

ఈ చిత్రాలలో గమనింపదగిన అంశం వాటి ఎంపిక. రాజకీయ ఖైదీ రచించే జ్ఞాపకానికి సాధారణంగా ఆ ఖైదీయే కేంద్రం. విచారణ, ప్రతిఘటన, త్యాగం అందులో ప్రధాన ఘట్టాలు. కరముస్తఫా దృష్టి పక్క మంచం మీదికి మళ్లింది. కిక్కిరిసిన శయ్యలు, ఒకచోట చేరి కూర్చున్న స్త్రీలు, జైలులోనే తల్లి చెంత పెరుగుతున్న శిశువులు, పూల దుస్తుల రంగులు ఈ పటాలను నింపుతాయి. ఏ తిరుగుబాటుకూ చెందని, ఏ ఉద్యమ చరిత్రలోనూ పేరు నమోదు కాని స్త్రీలు ఇక్కడ ప్రధాన పాత్రలయ్యారు. వారి నేరమేమిటో పటం చెప్పదు. న్యాయస్థానం వారిని గుర్తించిన ఏకైక ఆధారాన్ని చిత్రకారిణి వదిలివేసింది.

1975 నుంచి 1981 వరకు ఆమె ఇస్తాంబుల్‌లోని ప్రభుత్వ అనువర్తిత లలితకళా విద్యాలయంలో బోధనావృత్తిలో ఉన్నది. ఈ చిత్రపరంపరలో కొంత భాగం ఆ కాలానిదే. తన విద్యాలయంలో ఆమెకు స్థానమిచ్చిన రాజ్యమే పదహారేళ్ల పాటు ఆమెకు పాస్‌పోర్టు నిరాకరించింది. తరగతి గదిలో చిత్రకళ బోధించిన వ్యక్తి తన అతిముఖ్యమైన చిత్రాలను బహిరంగపరచలేదు. దశాబ్దాలు గడచిన పిమ్మట, 2013లో ఇస్తాంబుల్‌లోని సాల్ట్ సంస్థ ఏర్పరచిన ‘వాగ్దత్త ప్రదర్శన’లో అవి వీక్షకుల ముందుకు వచ్చాయి. ఆ సుదీర్ఘ మౌనం కూడా అధికారం విడిచిన ముద్రయే.

సరిహద్దు దాటలేని ఆ సంవత్సరాలలో ఆమె తన నగరాన్నే పరిశీలించింది. అనటోలియా గ్రామాల నుంచి వలస వచ్చిన జనంతో ఇస్తాంబుల్ అంచులలో ‘గెజెకొందు’లు పెరుగుతున్న కాలమది. రాత్రికి రాత్రి వచ్చి వాలినది అని ఆ మాటకు అర్థం. వారి అరబెస్క్ సంగీతానికి ప్రభుత్వ ప్రసార సంస్థ తలుపులు మూసింది. విద్యావంతులు దానిని అపరిష్కృత అభిరుచిగా తీసిపారేశారు. కరముస్తఫా ఆ ఇళ్ల గోడలకు వేలాడే చవక తివాచీలను, మెరుపు వస్త్రాలను తన కృతులకు ముడిసరుకుగా స్వీకరించింది. 1992లో మూడవ ఇస్తాంబుల్ బినాలేలో ప్రదర్శించిన ‘మిస్టిక్ ట్రాన్స్‌పోర్ట్’లో చక్రాలు గల లోహపు బుట్టలలో రంగురంగుల శాటిన్ రజాయిలు కుక్కి ఉంటాయి. వలసపోయేవారు చివరిదాకా వదలని వస్తువు పరుపుమూటే. ఇంటి వెచ్చదనం, ఇల్లు లేకపోవడం ఆ బుట్టలో కలిసే ఉన్నాయి.

1998 నాటి ‘రంగస్థలం’లో ఆమె సైనిక న్యాయస్థానంలో భర్తతో నిలిచిన తన పాత ఛాయాచిత్రాన్ని కళావస్తువుగా మలచింది. న్యాయస్థానాన్ని రంగస్థలమనడంతో తీర్పు ఒక ప్రదర్శనగా కనిపిస్తుంది. 2005 నాటి ‘కూడలి స్మృతి’ అనే దృశ్యకృతిలో రెండు తెరలున్నాయి. ఒకదానిపై తక్సీమ్ కూడలికి సంబంధించిన పాత చలనచిత్ర దృశ్యాలు, రెండవదానిపై మాటలు లేని ఒక ఇంటి లోపలి సన్నివేశాలు నడుస్తాయి. 1977 మే దినాన ముప్పైమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన కూడలి అది. వీధిలో జరిగినది ఇంటిలోని నిశ్శబ్దంగా ఎలా మారుతుందో రెండు తెరల మధ్య వీక్షకుడే గ్రహించుకోవాలి.

2024 వెనిస్ బినాలేలో టర్కీ ప్రతినిధిగా ఆమె నిర్మించిన కృతిలో పగిలిన వెనిస్ గాజు దీపగుచ్ఛాలు, ముళ్లతీగ, బోలు స్తంభాల అచ్చులు, గాజుపెంకులు నిండిన బండ్లు ఉన్నాయి. ఒకనాడు దేశం దాటనీయని రాజ్యం పేరుతోనే ఆమె అక్కడ నిలవడం చారిత్రక వైచిత్రి. అయినా ఆ మందిరంలో విజయోత్సవ ధోరణి లేదు. స్తంభం అధికారానికి ప్రాచీన చిహ్నం. ఇక్కడ అది లోపల ఏమీ లేని అచ్చు మాత్రమే.

ఇంత కృషిలోనూ ఒక చిక్కు మిగిలే ఉన్నది. ఇజ్మిత్ చెరసాలలోని స్త్రీలు తమ కథను తామే చెప్పుకునే అవకాశం ఈ పటాలలో లేదు. వారు ఒక విద్యావంతురాలి స్మృతి ద్వారానే నేటి వీక్షకులకు చేరుతున్నారు. ప్రాతినిధ్యంలో సహజంగా ఉండే ఈ అసమానత కరముస్తఫా చిత్రాలకూ వర్తిస్తుంది. ఆమె కృతులు దానిని దాచవు. ఆ స్త్రీలను ఆమె జాలి గొలిపే ప్రతీకలుగా మార్చలేదు, వారి పక్షాన ప్రసంగించలేదు. వారు నిద్రించిన చోటు, వారితో ఉన్న బిడ్డలు, వారు ధరించిన రంగులు ఆమెకు గుర్తున్నాయి. దస్త్రం అవసరం లేదనుకుని విడిచిన ఈ వివరాలే ఆ స్త్రీలు అక్కడ జీవించారనడానికి మిగిలిన సాక్ష్యం.