గుణదల కొండపై మరియమాత సన్నిధిని

రైలులో బెజవాడకు బోవునపుడెల్ల గుణదల కొండకొమ్మున నిలిచిన సిలువను మా చిన్నవానికి చూపుటయే కాని, దిగి యా కొండ నెక్కవలెనను తలంపు మాకెన్నడును కలుగలేదు. ఈ సంవత్సరము ఫిబ్రవరి నెలలో నా యవకాశము లభించెను. అది లభించిన విధమును సోదరీమణులకు విన్నవింతుము.

నిరుడు మా చిన్నవాడు టైఫాయిడు జ్వరముతో నిరువది దినములు మంచము పట్టెను. మా పొరుగింటి అక్కయ్యగారు కతోలికులు. మావారి పాఠశాలయందే ఉపాధ్యాయిని. ఆమె రాత్రులు మాతో మేల్కొని, తడిగుడ్డలు వేయుచు బిడ్డను కాచినది. వైద్యుని మందులును, ఆమె సేవయు ఫలించి జ్వరము దిగెను. పిమ్మట నొకనాడామె సంకోచముతో, "చెల్లెమ్మా! నిన్నడుగకయే గుణదల మాతకు బాబు తలనీలాలు మ్రొక్కుకొంటిని. తప్పైన మన్నింపుము" అనెను.

మాకు నోట మాట రాలేదు. తిరుపతిలో పుట్టువెండ్రుకలు తీయించిన యింట నిదేమి మ్రొక్కు? నలుగురేమందురు? రెండు దినములు దాచి, తుదకు అత్తగారికి చెప్పితిమి. వారు కొంతసేపూరకుండి, "మన బిడ్డ బ్రదుకవలెనని మ్రొక్కినది. ఆమె మాట పోనిచ్చుట మనకు ధర్మము కాదు. తీర్చి రమ్ము" అనిరి.

ఫిబ్రవరి 9 మొదలు 11 వరకు గుణదలలో ఉత్సవములు. ఇందులకు మూలము ఫ్రాన్సు దేశమందలి లూర్దు గ్రామము. అచ్చట 1858వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన, వంటచెరకు నేరుటకు బోయిన బెర్నడెత్తు అను పదునాలుగేండ్ల పేదబాలికకు ఒక గుహలో దేవమాత దర్శనమిచ్చెననియు, జూలై నెలలోపల నట్లు పదునెనిమిది మారులు జరిగెననియు కతోలికుల విశ్వాసము. 1924లో గుణదల అనాథబాలుర ఆశ్రమమునకు అధికారిగా నుండిన ఆర్లాటి గురువు ఈ కొండయందు లూర్దుమాత ప్రతిమను నెలకొల్పెను. నాటి చిన్న ఆరాధనము నేడు లక్షల జనులను రప్పించుచున్నది.

మేము 10వ తేదీ సాయంకాలమునకు చేరితిమి. త్రోవ పొడుగున క్రొవ్వొత్తులు, జపమాలలు, కొబ్బరికాయలు అమ్ముచుండిరి. కొబ్బరికాయలు కొట్టువారును, తలనీలాలిచ్చువారును, పసిబిడ్డల నెత్తుకొని నిలిచిన తల్లులును కనబడగా, పరాయి చోటికి వచ్చితిమను బెరుకు మాకు సగము తీరెను. చిన్నవాని తల నున్నగా గొరిగించి, స్నానము చేయించి, గుహలోని మాత యెదుట నిలిపితిమి. అక్కయ్యగారు కన్నుల నీరు నింపుకొని క్రొవ్వొత్తిని వాని చేతనే వెలిగింపించిరి.

మరునాడు తెల్లవారుజామున కొండ నెక్కితిమి. క్రీస్తు సిలువ మోసిన తీరును స్మరించుటకు పదునాలుగు స్థలములు కలవు. ఒక్కొక్క స్థలమున మోకరించి ప్రార్థించి ముందునకు సాగుదురు. దీనినే సిలువమార్గమందురు. నడుచుచున్నంతసేపును అక్కయ్యగారి వ్రేళ్లు జపమాల పూసలపై కదలుచునే యుండెను. ఒక పరలోకజపము, పది మంగళవార్తలు, ఒక త్రిత్వస్తోత్రము: ఇట్టివి ఐదు వరుసలు. జపించుచు క్రీస్తు జీవితఘట్టములను తలపోయుదురట. శ్రవణము, కీర్తనము, స్మరణము అని మన పెద్దలు చెప్పిన భక్తిమార్గములు మాకు జ్ఞప్తికి వచ్చెను.

క్రిందికి దిగి దివ్యబలిపూజకు కూర్చుంటిమి. పూర్వము లాటిను భాషలోనే జరుగుచుండిన యీ పూజ, 1962 మొదలు 1965 వరకు జరిగిన రెండవ వాటికను మహాసభ పిమ్మట దేశభాషలకు వచ్చినది. గ్రంథపఠనము, కీర్తన, ప్రసంగము, అప్పమును ద్రాక్షారసమును అర్పించుట, అన్నియు తెలుగుననే జరిగెను. తుదకు సత్ప్రసాదము పంచునపుడు అక్కయ్యగారు లేచి వరుసలో నిలిచిరి. మమ్ము రమ్మనలేదు. "మనకేల పెట్టరమ్మా?" అని చిన్నవాడడిగెను. ఆమె మరలివచ్చి, మోకరించి మౌనముగా ప్రార్థించి, పిమ్మట వానిని ఒడిలోనికి తీసికొని, "జ్ఞానస్నానము పొంది, అందులకై సిద్ధపడినవారికే యిది నాయనా, మాకిది ప్రభువు శరీరమే" అని మెల్లగా చెప్పిరి.

మా మనస్సొకింత చివుక్కుమన్నమాట నిజము. కాని యది నిలువలేదు. పదేండ్లుగా మా వంటయింటి గడప యవతలనే నిలిచి, గిన్నె యందిచ్చి వెళ్లిన యామె మనస్సెన్ని మారులు చివుక్కుమనెనో! ఆమెది విశ్వాసము, కారణము చెప్పి యొడిలోనికి తీసికొన్నది. మాది మడి, కారణమైనను చెప్పి యెరుగము.

ఇల్లు చేరిన మూడవనాడు ఆమె యథాప్రకారము గడపకడ నిలిచి గిన్నె చాచెను. మేము అత్తగారి మొగము చూచితిమి. వారు పీట నొకటి వాల్చి, "లోనికి రా తల్లీ, కాఫీ త్రాగి పొమ్ము" అనిరి.

సోదరీమణులారా! గుణదల చూడవలసిన క్షేత్రము. ఉత్సవ దినములలో జనసమ్మర్ద మధికము గనుక పిల్లల చేయి విడువక పట్టుకొనుడు. తీరిక గలవారు వేరొకనాడు, ఎండ ముదురకముందే కొండ నెక్కుట మేలు.