తెరమీఁది పోతనయు మా పద్యమును

మా బచ్చన్నపేటయు, పోతన యూరని మేము కొలుచు బమ్మెరయు నేఁడొక్క జనగామ జిల్లాలోనివే. చిన్ననాఁడు మా తండ్రిగారు భాగవతమును ముందిడుకొని మాకు చదువు చెప్పిరి. అందుచేత 'భక్త పోతన' చిత్రమును టెలివిజనులోఁ జూచిన రాత్రి మాకు నిదుర రాలేదు. వాహినీవారు 1943లో వెలువరించిన యా చిత్రము కె. వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన మొదటిది. పోతన వేషము చిత్తూరు నాగయ్యగారిది.

పోతన తన కృతిని రాజున కీయక రామున కర్పించిన ఘట్టమును పద్యమున నిలుపఁదలఁచితిమి. వంటపని ముగిసిన పిదప కూర్చుండి మూఁడు సీసములు వ్రాసితిమి. నాగయ్యగారి చూపులోని తడియు, కంఠములోని యార్ద్రతయు నన్నియు వచ్చినవి. గణము నిండనిచోట 'ఘన', 'వర' యను మాటలను చొనిపితిమి.

మఱునాఁడు బడినుండి వచ్చిన మావారు వానిని చదివి, "చిత్రము కన్నులకుఁ గట్టినది, సరియే. నీ పద్యమేది?" యనిరి. పిల్లల యెదుట నట్లనవలెనా యని మే మలిగి రెండు దినములు వారితోఁ బలుకలేదు.

మూఁడవనాఁడు బియ్యము చెరుగుచుండఁగా నొక యాలోచన తోఁచినది. పోతన రాజాశ్రయము నొల్లక సేద్యము చేసికొని బ్రదికెనని ప్రతీతి గదా! రాజు సొమ్ము వలదన్న యింట మఱునాఁటి గింజలను లెక్కించిన దెవ్వరు? తెరపై మేము నాగయ్యగారినే చూచితిమి గాని యీ ప్రశ్న వేసికొనలేదు. తేటగీతికి ప్రాసనియమము లేదు గనుక, వ్రేళ్లపై గణములు లెక్కించుకొనుచు చేట దింపకయే కూర్చితిమి:

చేటలోనున్న గింజలు చెరిగి చెరిగి
పొద్దు గూకఁగ గంజికై పొయ్యి నూది
కవికి వెలుఁగిచ్చి యా యింటఁ గనులు నిండ
నిదుర నాపిన యిల్లాలు నిలిచెఁ గాదె!

ఇందు నలంకారము లేదు. 'ఘన', 'వర'లును లేవు. మావారు రెండుమాఱులు చదివి కాగితమును మడిచి భాగవతములో నుంచిరి. మెచ్చుకోలుమాట యొక్కటియు ననలేదు. ఆ రాత్రి భోజనమైన పిమ్మట కంచములు మాత్రము తామే యెత్తిరి.

చిత్రము చూపినదానినే మరల వ్రాసినచో, చూచినవారికి మన పద్యముతోఁ బనిలేదు. అది చూపక విడిచినచోట మన యిండ్లలో మన మెఱిఁగిన దేదో యుండును. సోదరీమణులారా, మీరును చేట దింపక వ్రాసి చూడుఁడు.