సిగ్నల్‌ పోతే పాత ఫోనే దిక్కు

లీవు దొరికింది. బళ్లు సర్వీసింగ్‌ నుంచి వచ్చేశాయి. రూటు కూడా ఖరారైంది. హైదరాబాద్‌ నుంచి భద్రాచలం, అక్కణ్నుంచి చింతూరు, మారేడుమిల్లి ఘాట్‌, రంపచోడవరం, ఆపైన చింతపల్లి, లంబసింగి, పాడేరు మీదుగా అరకు. వారం రోజులు, మూడు బళ్లు. అన్నీ కుదిరాక మా రూమ్మేట్‌ అడిగిన ఒక్క ప్రశ్న దగ్గర అందరం ఆగిపోయాం: ‘చింతూరు దాటితే సిగ్నల్‌ ఉండదంట కదరా, మరి దారెట్లా?’

వైజాగ్‌ వెళ్లి అక్కణ్నుంచి అరకు ఎక్కేవాళ్లకు ఈ బెంగ ఉండదు. మేం అనుకున్నది మన్యం మధ్యలోంచి. చింతూరు నుంచి మారేడుమిల్లి దాకా మ్యాప్‌లో పచ్చరంగు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. ‘పుష్ప’ మొదటి భాగం షూటింగ్‌ జరిగింది ఈ చుట్టుపక్కల అడవుల్లోనే. తెరమీద చూడ్డానికి బాగుంటుంది. బండి మీద అయితే, మలుపు తప్పామని ఇరవై కిలోమీటర్లు పోయాక తెలిస్తే మళ్లీ ఇరవై వెనక్కి రావాలి. పెట్రోలు బంకులు దూరం దూరం. కొండల మధ్య పొద్దు త్వరగా గుంకుతుంది. పైగా మా చిన్నాన్న కొడుకు బండి వెనకాల మా మరదలు కూడా వస్తోంది. తనకి ఇదే మొదటి లాంగ్‌ రైడ్‌. ‘మీరంతా అడవిలో పడుకుంటారేమో బావగారూ, నా వల్ల కాదు. చీకటి పడేలోపు రూముకి చేర్చే పూచీ మీదే’ అని ముందే చెప్పేసింది. అలా దారి చూపే డ్యూటీ నా మీద పడింది. బడ్జెట్‌ మూడు వేలు. అంతకు మించితే పెట్రోలు డబ్బుల్లోంచి కోత.

బైకుల కోసమే చేసిన జీపీఎస్‌ పెట్టెలతో మొదలుపెట్టాను. ఈ తరహాలో బాగా పేరున్నది గార్మిన్‌ జూమో ఎక్స్‌టీ. 5.5 అంగుళాల స్క్రీన్‌, గ్లవ్స్‌తో నొక్కినా పలుకుతుంది, వానలో తడిసినా ఏం కాదు, ఎండలో కనబడుతుంది. 2020లో అమెరికాలో వచ్చినప్పుడు ధర దాదాపు 500 డాలర్లు. నెలకి రెండుసార్లు రాష్ట్రాలు దాటి తిరిగేవాళ్లకి అది ఖర్చు కాదు, పనిముట్టు. ఏడాదికి రెండు ట్రిప్పులు కొట్టే నాలాంటివాడికి మాత్రం అది ఈఎంఐ. డాలస్‌లో ఉండే వాళ్ల బావతో తెప్పిద్దామని రూమ్మేట్‌ ఉత్సాహపడ్డాడు. అక్కడ కొన్న పెట్టెలో ఇండియా మ్యాప్‌ ఉంటుందన్న గ్యారంటీ లేదు. అది చూసుకోకుండా తెప్పిస్తే లంబసింగిలో నిలబడి టెక్సాస్‌ చూసుకోవాలి.

రెండోది, బండితోపాటే వచ్చే చిన్న స్క్రీన్లు. రాయల్‌ ఎన్‌ఫీల్డ్‌ 2020లో మీటియర్‌ 350తోపాటు తెచ్చిన ట్రిప్పర్‌ అలాంటిదే. గుండ్రటి డయల్‌లో బాణం గుర్తు, మలుపు ఎంత దూరమో అంకె. చూపు రోడ్డు మీదనుంచి పక్కకి పోదు కాబట్టి నాకు ఆ ఐడియా నచ్చుతుంది. కానీ అది ఫోన్‌కి బ్లూటూత్‌తో కట్టేసిన తోక. ఆలోచించేది ఫోనే. ఆన్‌లైన్‌లో కనిపించే కార్‌ప్లే తరహా పెద్ద స్క్రీన్లలో చాలావాటిదీ ఇదే కథ. ఏది కొన్నా అమ్మేవాణ్ని ఒకటే అడగండి: ‘మ్యాప్‌ ఇందులోనే ఉంటుందా, ఫోన్‌లోది చూపిస్తుందా?’ రెండోదైతే మీరు కొంటున్నది దారి కాదు, టీవీ.

ఇక్కడ మా గ్యాంగ్‌లో ఒక వాదన నడిచింది. ‘సిగ్నల్‌ లేకపోతే జీపీఎస్‌ పనిచెయ్యదు కదా’ అని తమ్ముడు. చాలామంది ఇంజినీరింగ్‌ చదివినవాళ్లు కూడా ఇదే అనుకుంటారు. జీపీఎస్‌ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ టైము చెబుతుంటాయి. ఫోన్‌లోని చిప్‌ వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే, ఒక్కోటి ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కేసి తను ఎక్కడుందో తేల్చేసుకుంటుంది. సిమ్‌ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. నెట్‌ చేసే సాయం ఒక్కటే. ఏ ఉపగ్రహం ఎక్కడుందో ముందే చెప్పి, పని త్వరగా తెమిలేలా చూస్తుంది. నెట్‌ లేకపోతే ఆ వివరాలు ఉపగ్రహం నుంచే దిగాలి. ఆ స్పీడు సెకనుకి 50 బిట్లు. మన నాన్నల కాలం డయలప్‌ కూడా దీని ముందు రాకెట్‌. అందుకే కొత్తచోట స్విచాన్‌ చేసిన ఫోన్‌ ఒకట్రెండు నిమిషాలు దిక్కులు చూస్తుంది. పొద్దున బయల్దేరే ముందు ఆరుబయట లొకేషన్‌ ఆన్‌ చేసి, టీ తాగి వస్తే సరి.

సిగ్నల్‌తోపాటు నిజంగా మాయమయ్యేది మ్యాప్‌. నీలం చుక్క ఉంటుంది, దానికింద ఖాళీ గళ్లు ఉంటాయి. మరి మ్యాప్‌ని ముందే ఫోన్‌లో దించేసుకుంటే?

‘నావిక్‌ ఉన్న ఫోన్‌ కొను’ అని ఆఫీసులో ఇంకో సలహా. మనవాళ్ల నావిక్‌ అంటే నాకూ అభిమానమే. మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే లేచింది. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్‌-01తో, మామూలు ఫోన్లు సులువుగా వినగలిగే ఎల్‌1 బ్యాండ్‌ కూడా తోడైంది. కానీ పాతవాటిలో కొన్నింటి అణుగడియారాలు పాడయ్యాయి. 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్‌-02 అనుకున్న కక్ష్యకి చేరలేదు. జీపీఎస్‌కి తోడుగా ఉంటే మంచిదే. దానికోసమే కొత్త ఫోన్‌ కొనక్కర్లేదు.

కాబట్టి కొనలేదు. మూడేళ్ల కింద మార్చేసిన ఆండ్రాయిడ్‌ ఫోన్‌ బీరువాలో పడుంది. స్క్రీన్‌ మూల పగిలింది, బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు. జీపీఎస్‌ చిప్‌కి మాత్రం ఏ రోగమూ లేదు. సిమ్‌ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్‌ కొట్టి, మ్యాపు యాప్‌లు తప్ప ఇంకేమీ వెయ్యలేదు. మీ ఇంట్లో పాత ట్యాబ్‌ ఉంటే తొందరపడకండి, వైఫై మాత్రమే ఉన్న ట్యాబుల్లో చాలావాటికి జీపీఎస్‌ చిప్పే ఉండదు. ఐప్యాడ్‌ వైఫై మోడళ్లూ అంతే.

యాప్‌ల సంగతికొస్తే, గూగుల్‌ మ్యాప్స్‌లో ఏరియాని డౌన్‌లోడ్‌ చేసుకోవచ్చు. ఆఫ్‌లైన్‌లో కారు దారి చూపిస్తుంది గానీ ట్రాఫిక్‌, ప్రత్యామ్నాయ దారులు రావు. నేను ఎక్కువగా నమ్ముకున్నది ఆర్గానిక్‌ మ్యాప్స్‌, ఆస్మాండ్‌. రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ మీద నడుస్తాయి. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఈ మ్యాప్‌ని గీసేది మనలాంటి మామూలు జనమే. ఏజెన్సీలో కాలిబాటలు, బండిబాటలు కూడా ఇందులో చాలాచోట్ల కనిపిస్తాయి. ఆంధ్ర, తెలంగాణతోపాటు ఛత్తీస్‌గఢ్‌, ఒడిశా కూడా దించాను. చింతూరు దగ్గర ఒక్క మలుపు అటూఇటూ అయితే పక్క రాష్ట్రమే మరి.

మ్యాప్‌ దించితే పని సగమే అయినట్టు. దారిని యాప్‌ ఇష్టానికి వదిలెయ్యకూడదు. దానికి ముఖ్యంగా టైము తగ్గడమే కావాలి. ఆ షార్ట్‌కట్‌ తార్రోడ్డా, వాగు దాటాలా అన్నది దానికి అన్నిసార్లూ సరిగ్గా తెలియదు. అందుకే మూడు సాయంత్రాలు ల్యాప్‌టాప్‌ ముందు కూర్చుని, ఉపగ్రహ చిత్రాలు పక్కన పెట్టుకుని, మేం వెళ్లాల్సిన దారిని నేనే గీశాను. దాన్ని జీపీఎక్స్‌ ఫైల్‌గా సేవ్‌ చేసి ఫోన్‌లో వేస్తే మ్యాప్‌ మీద రంగు గీత కనిపిస్తుంది. గీత మీద ఉన్నామా, పక్కకి జరిగామా, అంతే చూసుకోవాలి. ‘ఎడమకి తిరగండి’ అనే అమ్మాయి గొంతు లేకపోయినా నాకేం లోటనిపించలేదు. బంకులు, టిఫిన్‌ హోటళ్లు, ఆ రాత్రి ఉండే రూము కూడా అదే ఫైల్లో చుక్కలుగా పెట్టాను.

డబ్బులు పెట్టింది ఫోన్‌ని పట్టుకునే స్టాండ్‌ మీద. ఇందులో పిసినారితనం వద్దు. కుదుపుని మింగే రబ్బరు డ్యాంపర్‌ ఉన్న లోహపు స్టాండ్‌ తీసుకున్నాను. శక్తిమంతమైన మోటార్‌సైకిల్‌ ఇంజిన్ల వైబ్రేషన్‌ ఐఫోన్‌ కెమెరాల్లోని స్టెబిలైజేషన్‌ని దెబ్బతీయొచ్చని ఆపిల్‌ సంస్థే 2021లో చెప్పింది. వాడే ఫోన్‌ని హ్యాండిల్‌కి కట్టకపోవడానికి నాకు అదొక్కటి చాలు. పాత ఫోన్‌ కెమెరా పోతే పోయింది. బండి బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టించి ఒక యూఎస్‌బీ ఛార్జర్‌, రెండు కేబుళ్లు. మొత్తం రెండున్నర వేలలో తేలిపోయింది. అన్నట్టు, డ్రైవింగ్‌లో ఫోన్‌ ముట్టుకుంటే ఫైన్‌ అని భయపడేవాళ్లకి: ఏకాగ్రత చెడకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చారు. 2020 అక్టోబర్‌ 1 నుంచి అది అమల్లో ఉంది.

దసరా దాటాక బయల్దేరాం. భద్రాచలం దాకా 310 కిలోమీటర్లు, సిగ్నల్‌ ఫుల్లు, ఫోన్‌ అవసరమే రాలేదు. కానీ కొత్తగూడెం దగ్గర మిట్టమధ్యాహ్నం ఎండకి అది పొయ్యి మీద పెనంలా కాలిపోయి, స్క్రీన్‌ వెలుగు దానంతటదే తగ్గించేసుకుంది. ఛార్జర్‌ పీకేసి, తడిపిన కర్చీఫ్‌ కాసేపు వెనకాల పెడితే కుదుటపడింది. ఎండలో నడిపేటప్పుడు ఛార్జింగ్‌ ఆపెయ్యాలని అప్పుడు తెలిసింది.

రెండో రోజు చింతూరు దాటాక గంటలోపే మా అందరి ఫోన్లలో టవర్‌ గీతలు పోయాయి. ఘాట్‌లో చెట్లు రోడ్డు మీద పందిరి వేసినట్టుంటాయి. అక్కడక్కడా నీలం చుక్క రోడ్డు వదిలి లోయలోకి దూకేది, మళ్లీ పైకొచ్చేది. కొండకి తగిలి వచ్చే సిగ్నల్‌ని చిప్‌ నిజమనుకోవడం వల్ల అలా అవుతుంది. మలుపులో దాన్ని కాదు, రోడ్డుని నమ్మాలి. రూమ్మేట్‌ బండికి బిగించిన బుల్లి స్క్రీన్‌ అప్పటికే బాణం మానేసి టైము చూపిస్తోంది. వాడు నా వెనక్కి వచ్చి చేరాడు. మారేడుమిల్లిలో రాత్రి బొంగులో చికెన్‌ తింటూ ‘నాది వాచీ రా, కొంచెం ఖరీదైన వాచీ’ అన్నాడు.

రంపచోడవరం నుంచి 516ఈ జాతీయ రహదారి. పేరుకి జాతీయమే గానీ చాలాచోట్ల వెడల్పు చేసే పని సాగుతోంది. అడ్డతీగల, రాజవొమ్మంగి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్‌ స్టేషన్లని వరసగా మూడు రోజుల్లో కొట్టిన అల్లూరి దళం ఈ కొండల్లోనే నడిచింది. చేతిలో తుపాకులే తప్ప బండి లేదు, చుక్క లేదు. మేం అదే దూరానికి ఇంజినాయిల్‌ గురించి కంగారు పడుతున్నాం.

రాజవొమ్మంగి దాటాక రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఆగాం. సాయంత్రం నాలుగైంది. గీత తిన్నగా ముందుకి చూపిస్తోంది. గ్లాసులు కడుగుతున్న పెద్దావిడ మా బళ్ల వంక చూసి, ‘అటెల్లకండి బాబూ’ అంది. ‘ముందు కల్వర్టు తీసేశారు, పనవుతోంది. ఎడంపక్క మట్టిరోడ్డు ఉందండి. ఊళ్లోంచెళ్లి మళ్లీ ఈ రోడ్డే ఎక్కుద్ది. బళ్లయితే పోతాయి, కారు పోదు.’

మరదలు నా మొహం చూసింది. నేను ఫోన్‌ చూశాను. పెద్దది చేసి చూస్తే సన్నటి చుక్కల బాట నిజంగానే ఉంది. ఎడమకి వెళ్లి, పది పదిహేను ఇళ్ల మధ్యలోంచి, చిన్న వాగు పక్కన వంపు తిరిగి, మళ్లీ మా గీతనే కలుస్తోంది. సుమారు నాలుగు కిలోమీటర్లు. ‘వాగులో నీళ్లున్నాయా అమ్మా?’ అంటే, ‘చీలమండ దాకా’ అని చేత్తో చూపించింది. ఆవిడ చెప్పకపోతే కల్వర్టు దాకా పోయి తిరిగొచ్చేవాళ్లం. మ్యాప్‌లో ఆ బాట కనబడకపోతే, ఆ టైములో మరదల్ని ఎక్కించుకుని మట్టిరోడ్డులో దిగేంత ధైర్యం తమ్ముడికి ఉండేది కాదు. బాణం ఒక్కటే చూపించే యంత్రంతో ఈ పని జరగదు. చుట్టుపక్కల నాలుగు కిలోమీటర్లూ కనిపించే స్క్రీన్‌ కావాలి.

వాగు దాటాం. మరదలు దిగి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. అరగంటలో గీత మీదికొచ్చాం. చింతపల్లి చేరేసరికి చీకటి పడింది, లంబసింగి ఇంకా ఇరవై కిలోమీటర్లు. పొగమంచులో హెడ్‌లైట్‌ పది అడుగులకి మించి పోవట్లేదు. మ్యాప్‌ని రాత్రి రంగుల్లోకి మార్చి, వెలుగు బాగా తగ్గించి, ముందు మలుపు ఎటు తిరుగుతుందో చూసి వెనకవాళ్లకి ఇండికేటర్‌ వేస్తూ పోయాను. వేలు తడిసి స్క్రీన్‌ పలకడం మానేసింది. అందుకే మలుపుల దగ్గర దానంతటదే పెద్దదయ్యే సెట్టింగ్‌ ముందే పెట్టుకోండి. గార్మిన్‌ మీద మనసు పడిందంటే ఆ గంటలోనే.

రూముకి ఏడున్నరకి చేరాం. ‘చీకటి పడింది బావగారూ’ అని గుర్తుచేసి, వేడినీళ్లు అడగడానికి వెళ్లిపోయింది మరదలు.

మర్నాడు పాడేరు, కాఫీ తోటలు, అరకు. అరకులో వైఫై దొరగ్గానే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ తెరిచి, ఆ టీ కొట్టు తర్వాత కల్వర్టు లేదని, ఎడమ బాటలో బైకులు మాత్రమే వెళ్తాయని ఒక నోట్‌ పెట్టాను. పక్కనే కూర్చుని చూస్తున్న మరదలు, ‘తిరిగెళ్లేటప్పుడు వైజాగ్‌ మీంచి పోదాం, హైవే కదా’ అంది. ఆ గీత కూడా గీయడం మొదలుపెట్టాను.