గోడకు అవతలే బడి

మైసూరు విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంగణానికి మానసగంగోత్రి అని పేరు పెట్టింది కన్నడ కవి కువెంపు, దాని వైస్ చాన్సలర్‌గా ఉన్న రోజుల్లో. అక్కడే ఎన్‌సీఈఆర్‌టీ వారి ప్రాంతీయ విద్యా సంస్థ ఉంది. అందరూ ఆర్‌ఐఈ అంటారు. అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్ సంస్థలతో పాటు 1963లో పుట్టింది. డిగ్రీలిస్తూ వచ్చింది మైసూరు విశ్వవిద్యాలయం. దక్షిణాది రాష్ట్రాలకు ఇదే పెద్ద దిక్కు కనుక, క్యాంటీన్‌లో కాసేపు కూర్చుంటే ఏదో ఒక బల్ల నుంచి తెలుగు వినబడుతుంది.

నేను వెళ్లింది కాలేజీ కోసం కాదు, దానికి అనుబంధంగా నడిచే డెమాన్‌స్ట్రేషన్ స్కూల్ కోసం. ఇంటర్ అయ్యాక నాలుగేళ్లలో డిగ్రీ, బీఎడ్ కలిపి చదివే కోర్సును ఆర్‌ఐఈలో దశాబ్దాల కిందటే మొదలుపెట్టారు. పొద్దున ఫిజిక్సు ల్యాబులో గాల్వనోమీటర్‌తో కుస్తీ పట్టిన పిల్లే మధ్యాహ్నం ఈ బడిలో ఎనిమిదో తరగతి ముందు నిలబడాలి.

ఆ రోజు నిలబడింది అనంతపురం జిల్లా అమ్మాయి. పాఠం విద్యుత్ ప్రవాహం. ఇంగ్లిష్‌లో చెబుతూ మధ్యమధ్య వచ్చీరాని కన్నడం కలుపుతోంది. పిల్లలు ఆ కన్నడాన్ని సరిదిద్దుతూ సంబరపడుతున్నారు. బ్యాటరీకి రెండు టార్చి బల్బులు ఒకదాని తర్వాత ఒకటి కలిపి, స్విచ్ వేయకముందే అడిగింది: ‘ఏది ఎక్కువ వెలుగుతుంది?’ మొదటిదే అన్నారు సగానికి పైగా. కరెంటు ముందు దాని దగ్గరికే వెళ్తుంది, అక్కడ కొంత ఖర్చయిపోతుంది, మిగిలిందే రెండోదానికి అని వాళ్ల లెక్క. ఇది ఈ తరగతి పిల్లల పొరపాటే కాదు, ఏ దేశపు పిల్లలనడిగినా చాలామంది ఇలాగే చెబుతారు.

స్విచ్ వేసింది. నిజంగానే మొదటి బల్బు ఎక్కువ వెలిగింది! తరగతంతా చప్పట్లు. వెనక బెంచీలో కూర్చున్న నాకు గుండె జారింది. రెండూ సమానంగా వెలుగుతాయని పుస్తకంలో ఉంటుంది. కానీ బజారులో కొన్న రెండు బల్బులు ఎప్పుడూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఇలా వరసగా (సిరీస్‌లో) కలిపినప్పుడు నిరోధం కాస్త ఎక్కువున్నది ఎక్కువ వెలుగుతుంది. ఆ సంగతి తెలియని టీచరైతే ‘ఇది సరిగా రాలేదు, పుస్తకంలో ఉన్నది రాసుకోండి’ అని దాటేస్తుంది. ఈ అమ్మాయి బల్బుల చోట్లు మార్చింది. ఇప్పుడు రెండో చోట ఉన్నది ఎక్కువ వెలిగింది. ‘వెలుగు చోటును బట్టా, బల్బును బట్టా?’ అంది. చప్పట్లు ఆగి వాదన మొదలైంది. బ్యాటరీని తిప్పి పెట్టి చూద్దామన్నాడు ఒక కుర్రాడు. పెట్టారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

అసలు శిక్షణ ఆ తర్వాత చూశాను. అధ్యాపకుడు, తోటి విద్యార్థులు, బడిలోని సైన్సు టీచరు కలిసి కూర్చుని ఆ పాఠాన్ని విప్పారు. ముందే రెండు బల్బులనూ విడివిడిగా వెలిగించి చూపితే బాగుండేదన్నారు ఒకరు. ‘అప్పుడు వాదనే పుట్టదు కదా’ అన్నారు బడి టీచరు. అధ్యాపకుడు తీర్పు చెప్పలేదు. ‘ఇంకో సెక్షన్‌లో అలా చేసి చూడమ్మా’ అన్నారు, అంతే.

బయటికొచ్చాక ఆ అమ్మాయితో మాట్లాడాను. ‘మా అక్క మా జిల్లాలోనే బీఎడ్ చేసింది సార్. రికార్డులు రాసీ రాసీ చేతులు నొప్పి పుట్టాయంట. పిల్లలు ఎక్కడ తప్పుగా అనుకుంటారో మాత్రం ఎవరూ చెప్పలేదంట’ అంది. ఇది ఆ అక్క ఒక్కరి అనుభవమే కాదు. విడిగా నడిచే టీచరు శిక్షణ సంస్థలు 10,000 దాటాయని, వాటిలో ఎక్కువ భాగం డిగ్రీలు అమ్ముకుంటున్నాయని జస్టిస్ వర్మ కమిషన్ 2012లోనే తేల్చినట్టు 2020 జాతీయ విద్యా విధానం పేర్కొంది. 2030 నాటికి టీచరు కావడానికి కనీస అర్హత నాలుగేళ్ల సమీకృత డిగ్రీయే కావాలనీ అంది.

అయితే మైసూరు నమూనాను కళ్లకద్దుకోవాల్సిన పనీ లేదు. క్యాంపస్ బడి పిల్లలు కొత్త టీచర్లకు అలవాటు పడినవాళ్లు. ల్యాబుంది, అడిగితే వస్తువులొస్తాయి. ల్యాబు లేని మండలంలోని హైస్కూల్లో ఈ నేర్పు ఎంత నిలుస్తుందన్నది వేరే పరీక్ష. పైగా తమ బ్యాచ్‌లో చాలామంది చూపు ఎంఎస్సీ, పీహెచ్‌డీల మీదే ఉందని విద్యార్థులే చెప్పారు. బడిలో ఉండిపోతామన్నవాళ్లు తక్కువ. కోర్సు ఎంత మంచిదైనా టీచరు ఉద్యోగానికి గౌరవం, సమయానికి నియామకం లేకపోతే ఇంతే.

మన తెలుగు రాష్ట్రాల్లో కొరత భవనాలది కాదు. ఉస్మానియాలోనూ ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫిజిక్సు విభాగం, బీఎడ్ చెప్పే విద్యా విభాగం రెండూ ఉన్నాయి. వారానికి ఒక్క పూట ఫిజిక్సు ప్రొఫెసరు, బీఎడ్ అధ్యాపకుడు కలిసి దగ్గర్లోని సర్కారు హైస్కూలుకు వెళ్లి, బీఎడ్ విద్యార్థి చెప్పే పాఠం వెనక బెంచీలో కూర్చుని వినాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, టైంటేబుల్లో ఒక గడి చాలు. వైస్ చాన్సలర్లు వచ్చే విద్యాసంవత్సరం నుంచే ఆ గడి నింపాలి.